ఉప్పు లెక్క అడగండి: తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి చైర్మన్, సభ్య కార్యదర్శి గార్లకు,
సనత్‌నగర్, హైదరాబాద్.

నమస్కారం.

నేను పటాన్‌చెరు, పాశమైలారం వైపు మందుల ఫ్యాక్టరీల్లో ఈటీపీ (వ్యర్థజల శుద్ధి కేంద్రం) కెమిస్టుగా పనిచేస్తూ బతుకుతున్నవాణ్ణి. ప్రొడక్షన్ వాళ్ళు వాడి వదిలేసిన నీళ్ళు మా దగ్గరికి వస్తాయి. వాటిని శుద్ధి చేసి, ఆర్వోలో (నీళ్ళను సన్నని పొరగుండా ఒత్తిడితో నెట్టి ఉప్పు వేరుచేసే యంత్రంలో) నడిపించి, మళ్ళీ కూలింగ్ టవర్‌కీ బాయిలర్‌కీ పంపడం మా పని. కింద పేరు రాయలేను, ఎందుకో మీకు తెలుసు. రాసిన విషయాలు మాత్రం ఈ పనిలో ఉన్న ఎవర్ని అడిగినా చెప్పేవే.

అడగాలనుకున్నది ముందే చెప్పేస్తాను. జీరో లిక్విడ్ డిశ్చార్జి, అంటే చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలం, అని రాయించుకున్న ప్రతి యూనిట్‌నీ రోజువారీ ఉప్పు లెక్క అడగండి: నీళ్ళలో కరిగి వచ్చిన లవణాలు ఎన్ని కిలోలు, ఎండబెట్టి పంపినవి ఎన్ని కిలోలు అని. వచ్చిన లెక్కను మీ వెబ్‌సైట్‌లో జనానికి కనిపించేలా పెట్టండి.

ఫ్యాక్టరీకి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ముందుగా జరిగేది, గాజు గ్లాసులో ఆర్వో పర్మియేట్ (ఆర్వో పొర దాటి వచ్చిన మంచి నీళ్ళు) పట్టి చూపించడం. నీళ్ళు తళతళలాడుతుంటాయి. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) మీటరు ముంచితే వందో, నూటయాభయ్యో చూపిస్తుంది. ఇక్కడి ఇళ్ళలో బోరు నీళ్ళకన్నా ఎంతో నయం. ఒక యూనిట్‌లో మేనేజరు ఆ నీళ్ళు తాగి కూడా చూపించాడు. (తాగకూడదు. మెథనాల్, అసిటోన్ లాంటి చిన్న అణువుల్ని ఆర్వోలోని మెంబ్రేన్, అంటే ఆ పొర, సరిగ్గా ఆపలేదు. టీడీఎస్ మీటరు నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి అంకె చెప్తుంది కాబట్టి సాల్వెంట్లు దానికి కనబడవు.) ఫోటోలు దిగుతారు, టీ తాగుతారు, వెళ్ళిపోతారు. పక్కనే ఉన్న రిజెక్ట్ ట్యాంకు దాకా ఎవరూ రారు. అక్కడ వాసన.

మాకు మాత్రం అసలు పని ఆ ట్యాంకు దగ్గరే మొదలవుతుంది. ఆర్వో ఏ మురికినీ మాయం చెయ్యదు. వచ్చిన నీళ్ళను రెండుగా విడగొడుతుంది, అంతే. ఒకవైపు దాదాపు ఉప్పులేని నీళ్ళు, ఇంకోవైపు ఉన్న ఉప్పంతా పోగైన రిజెక్ట్. నీళ్ళలో ఉప్పు లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు పెరిగినప్పుడల్లా మెంబ్రేన్ దగ్గర ఎదురు ఒత్తిడి ముప్పావు బార్ దాకా పెరుగుతుంది. దాన్ని మించి పంపు నెట్టాలి. రిజెక్ట్ చిక్కబడే కొద్దీ నెట్టడం కష్టమవుతుంది, కాల్షియం, సిలికా పొర మీద పేరుకుంటాయి. మన దక్కన్ రాళ్ళ బోరు నీళ్ళలో సిలికాకు కొదవ లేదు. తెల్లగా వేసిన 5 మైక్రాన్ కార్ట్రిడ్జ్ ఫిల్టర్ బయటికి తీసేసరికి టీ డికాషన్ రంగులో ఉంటుంది. మెంబ్రేన్లను సిట్రిక్ యాసిడ్‌తో ఒకసారి, కాస్టిక్‌తో ఒకసారి కడిగి మళ్ళీ ఎక్కిస్తాం. ఎంత కడిగినా ఒక హద్దు దాటాక ఆర్వో చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత మిగిలిన రిజెక్ట్‌ను మరగబెట్టడం తప్ప దారి లేదు.

1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్‌తో కలిసి మొదటిసారి పనికొచ్చే ఆర్వో మెంబ్రేన్ తయారుచేసింది మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్. ఉప్పు నీళ్ళను తాగునీళ్ళు చేయాలన్నది వాళ్ళ ఆలోచన. సముద్రం ఒడ్డున ప్లాంటు పెడితే రిజెక్ట్‌ను మళ్ళీ సముద్రంలోకే వదిలేస్తారు, దాని మంచిచెడ్డలు వేరే సంగతి. పటాన్‌చెరుకు సముద్రం లేదు. నక్కవాగు ఉంది, అది వెళ్ళి మంజీరలో కలుస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఎనిమిదో క్లాసు పిల్లాడు చేసే లెక్కే. ఒక మధ్యరకం యూనిట్ అనుకుందాం. రోజుకు 100 కిలోలీటర్ల వ్యర్థజలం, టీడీఎస్ లీటరుకు 5,000 మిల్లీగ్రాములు. అంటే అందులో కరిగి ఉన్నది రోజుకు 500 కిలోలు. ఆర్వో 70 శాతం రికవరీతో నడిస్తే 70 కిలోలీటర్ల మంచి నీళ్ళు, 30 కిలోలీటర్ల రిజెక్ట్ వస్తాయి. ఆ రిజెక్ట్ టీడీఎస్ 16,000 దాటుతుంది. పర్మియేట్‌తో జారిపోయే కొద్దిపాటి ఉప్పు తీసేస్తే, మొత్తం బరువు మాత్రం అదే 500 కిలోలు. రిజెక్ట్‌ను ఎంఈఈలో (దశలవారీగా ఆవిరి చేసే యంత్రంలో) మరిగించినా 500 కిలోలే, చిక్కబడ్డదాన్ని ఏటీఎఫ్‌డీలో (పలచని పొరగా పరిచి ఎండబెట్టే యంత్రంలో) ఎండబెట్టినా 500 కిలోలే. నెలకు 15 టన్నులు. సంచులకెక్కి, లారీ ఎక్కి, దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాల్సినవి ఆ 15 టన్నులు. తేమ కలిస్తే ఇంకాస్త ఎక్కువే తూగాలి.

అదే యూనిట్ నెలకు నాలుగు టన్నులే దుండిగల్‌కు పంపిందనుకోండి. మిగతా 11 టన్నులు ఎక్కడున్నాయి? షెడ్డులో లేకపోతే నీళ్ళతోనే పోయి ఉండాలి. ఉప్పు ఆవిరి కాదు, కుళ్ళిపోదు, బ్యాక్టీరియా దాన్ని తినదు. సీవోడీ (నీళ్ళలోని సేంద్రియ మురికి కొలత) తగ్గిందంటే సూక్ష్మజీవులు తిన్నాయనో, గాల్లో కలిసిందనో చెప్పుకోవచ్చు. ఉప్పుకు అలాంటి సాకు లేదు. అందుకే అన్నీ వదిలేసి దీన్నే పట్టుకున్నాను.

ఈ లెక్క తూచినట్టు సరిపోదన్న సంగతీ తెలుసు. టీడీఎస్‌లో కొంత సేంద్రియ పదార్థం ఉంటుంది, కొంత స్లడ్జ్‌లో, అంటే బురదలో, దిగుతుంది, సున్నం వేస్తే కొంత పెరుగుతుంది, కూలింగ్ టవర్ బ్లోడౌన్ (అక్కడ చిక్కబడి వదిలేసే నీళ్ళు) తిరిగి వచ్చి కొంత కలుస్తుంది. పది పదిహేను శాతం అటూ ఇటూ అయితే ఎవరూ పేచీ పెట్టరు. సగానికి సగం, నాలుగింట మూడొంతులు తేడా వస్తే అప్పుడు అడగాలి.

ఈ లెక్కకు కావలసిన కాగితాలు కొత్తగా పుట్టించక్కర్లేదు. మీరిచ్చే సీఎఫ్‌వోలోనే (యూనిట్ నడిపే అనుమతి పత్రంలోనే) యూనిట్ ఎన్ని కిలోలీటర్లు వాడాలి, రోజుకు ఎన్ని కిలోల ఏటీఎఫ్‌డీ ఉప్పు వస్తుంది అని రాసి ఉంటుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రతి లారీ వెంటా ఫారం 10 మ్యానిఫెస్ట్ (సరుకు రవాణా చీటీ) వెళ్తుంది. దుండిగల్‌లో వేబ్రిడ్జి ఉంది. ఏడాదికోసారి ఫారం 4 రిటర్ను వస్తుంది. ఈ నాలుగింటినీ ఒకే పేజీ మీదికి తెచ్చి, యూనిట్‌వారీగా, మామూలు మనిషి చూసినా అర్థమయ్యేలా పెట్టమనే నా మనవి.

ఇప్పుడున్న నిఘా సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో 17 రకాల పరిశ్రమలకు ఆన్‌లైన్ మానిటరింగ్ పెట్టమంది. మందుల పరిశ్రమ అందులో ఉంది. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆ వివరాలు ప్రజలు చూసేలా మండళ్ళ పోర్టళ్ళలో ఉండాలని చెప్పింది. మంచిదే. కాకపోతే జీరో డిశ్చార్జి యూనిట్‌లో ఈ ఏర్పాటు ఏమిటంటే, బయటికి పోయే గొట్టం దగ్గర ఒక ఫ్లో మీటరు, ఒక కెమెరా. గొట్టంలోంచి ఏమీ రాదు. మీటరు సున్నా చూపిస్తుంది. కెమెరా రాత్రింబవళ్ళు ఎండిపోయిన గొట్టాన్నే చూస్తూ ఉంటుంది. తప్పు చేసేవాడెవడూ కెమెరా పెట్టిన గొట్టంలోంచి వదలడు కదా.

మరి ఎక్కడినుంచి పోతుంది? నేను దగ్గరనుంచి చూసిన ఒకటి చెప్తాను, కంపెనీ పేరు అడగొద్దు. వానాకాలం, రాత్రి షిఫ్టు. ఎంఈఈలో వాక్యూమ్ నిలబడటం లేదు, పంపు సీల్ పోయింది. స్పేర్ రావడానికి రెండు రోజులన్నారు. రిజెక్ట్ ట్యాంకు అంచుదాకా వచ్చింది. ఆర్వో ఆపితే వ్యర్థజలం మొదట చేరే ఈక్వలైజేషన్ ట్యాంకు నిండుతుంది, అది నిండితే ప్రొడక్షన్ ఆగాలి. ప్రొడక్షన్‌కి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు, "ఏదో ఒకటి చెయ్యండి." ఈటీపీల్లో పనిచేసిన వాళ్ళందరికీ ఈ మాట తెలుసు. ఆర్డరు మీద సంతకం ఉండదు, లాగ్‌బుక్‌లో ఎక్కదు. బయట వాన దంచుతోంది. వాననీళ్ళ కాలువ మీద ఉన్న రాతిపలక పక్కకు జరిగింది. పొద్దున్నే లాగ్‌బుక్‌లో ఎంఈఈ ఫీడ్ ఎప్పటిలాగే గంటకు ఇంత అని నీట్‌గా రాసి ఉంది. నీరు పల్లమెరుగు అంటారు. వాన వెలిశాక అది ఏ చెరువులో చేరిందో వెతకడానికి ఎవరూ వెళ్ళలేదు. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలినప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఆ చెరువుకూ నేను చెప్పిన రాత్రికీ సంబంధం ఉందని అనడం లేదు. ఎక్కడి నీళ్ళు అక్కడికి చేరాయని తేల్చగలిగే లెక్క మన దగ్గర లేదనే నా బాధ.

ఇది అందరూ దుర్మార్గులై చేసేది కాదు. ఖర్చు చూడండి. ఇలాంటి నీళ్ళను ఆర్వోలో నడపడానికి కిలోలీటరుకు రెండు మూడు యూనిట్ల కరెంటు చాలు, పైగా మంచి నీళ్ళు చేతికొస్తాయి, ట్యాంకర్ నీళ్ళు కొనే ఖర్చు మిగులుతుంది. అందుకే ఆర్వోను ఎవరూ ఆపరు. రిజెక్ట్‌ను ఆవిరి చెయ్యడం అలా కాదు. నాలుగు ఎఫెక్టుల (దశల) ఎంఈఈ బాగా నడిచినా కిలోలీటరుకు సుమారు 300 కిలోల స్టీమ్ తాగుతుంది. దానికి అరవై కిలోల దాకా బొగ్గు. ఆపైన ఏటీఎఫ్‌డీ కరెంటు, బ్లేడ్ల రిపేర్లు, సంచులు, లారీ, చివరికి దుండిగల్‌లో టన్ను లెక్కన చార్జి. రిజెక్ట్ దారి తప్పితే ఇవన్నీ ఒకేసారి మిగులుతాయి. ఆర్వో నడిపి, రిజెక్ట్ వదిలేసేవాడికి రెండువైపులా లాభం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. చట్టబద్ధంగా చేసే పక్క ఫ్యాక్టరీవాడు ఆ ఖర్చంతా మందు ధరలో కలుపుకుని చైనాతోనూ, ఇతనితోనూ పోటీ పడాలి. నిజాయితీగా నడిపేవాళ్ళు ఈ బెల్టులో ఉన్నారు. ఉప్పు లెక్క బయట పెడితే మొదట లాభపడేది వాళ్ళే.

పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టు గడప ఎక్కింది. హైకోర్టుకు, అక్కడినుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగి 2017లో తీర్పు వచ్చేసరికి 27 ఏళ్ళు. మధ్యలో డాక్టర్ కిషన్‌రావు గారి లాంటివాళ్ళు ఊళ్ళవాళ్ళను వెంటబెట్టుకుని దశాబ్దాలపాటు కొట్లాడారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. 2009లో దేశంలోని 43 అతి కాలుష్య ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం పేరొచ్చింది. అదే కాలంలో 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఉమ్మడి కేంద్రం నీళ్ళను మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట వైపు మళ్ళించారు. మంజీర బాధ మూసీ బాధ అయింది. ఈ చరిత్ర మీకు నాకన్నా బాగా తెలుసు. జీరో డిశ్చార్జి అనే నిబంధన పుట్టిందే ఆ గొట్టాల ఆట ఆపడానికి. దాన్నీ కాగితం మీద సున్నా చేసేస్తే ఇక తర్వాత చెప్పడానికి కొత్త మాట కూడా మిగలదు.

తిరుప్పూరును చూసి నేర్చుకోవాల్సింది ఉంది. అక్కడ బనియన్ బట్టకు రంగులద్దే యూనిట్లు నొయ్యల్ నదిని చంపేశాయి. సాగుకోసం కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్‌లో రంగునీళ్ళు నిండి, వాటిని వదలొద్దని రైతులే మొత్తుకునే పరిస్థితి వచ్చింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల యూనిట్లను మూయించింది. ఆ దెబ్బ తర్వాతే ఉమ్మడి కేంద్రాల్లో ఆర్వో, ఎవాపరేటర్లు నిజంగా నడవడం మొదలైంది. అద్దకంలో వాడే ఉప్పునే ద్రావణంగా వెనక్కి తీసి మళ్ళీ అద్దకానికి వాడుకోవడం వాళ్ళు నేర్చారు. అయినా ఎవరికీ పనికిరాని మిశ్రమ ఉప్పు మిగిలి, షెడ్లలో గుట్టలు పడింది. ఆర్వో గురించి మాట్లాడే ప్రతి మీటింగులోనూ ఆ గుట్టల ఫోటో ఒకటి గోడకు తగిలించాలని నాకనిపిస్తుంది.

మన ఉప్పు దానికన్నా కష్టం. ఏటీఎఫ్‌డీ కింద నిలబడితే తెలుస్తుంది. స్టీమ్ జాకెట్ లోపల బ్లేడ్లు గీరుతూ ఉంటే కిందినుంచి గోధుమరంగు పొడి వేడివేడిగా సంచిలో పడుతుంది. సాల్వెంట్ వాసన కళ్ళలో మండుతుంది. క్లోరైడు, సల్ఫేటు, ఏ రియాక్టరులో ఏం చేశారో దాని అవశేషాలు, అన్నీ కలగాపులగం. వానాకాలంలో గాల్లో తేమ పీల్చుకుని సంచులు కారుతాయి. షెడ్డు వాలు కాలువ వైపుంటే అది మళ్ళీ నీళ్ళలోకే. క్లోరైడు ఎక్కువని సిమెంటు కిల్న్‌లకు పనికిరాదు. దుండిగల్‌లో కప్పిపెట్టినా అది కరిగే సరుకు, నీరు తగిలితే ఊటలోకి వస్తుంది. అందుకే రియాక్టరు దగ్గరే ఏ నీళ్ళను ఆ నీళ్ళుగా వేరుగా పట్టమని ఒత్తిడి పెట్టండి. సోడియం సల్ఫేటు ఎక్కువగా వచ్చే ప్రాసెస్ నీళ్ళు విడిగా వస్తే ఆ ఉప్పును శుభ్రం చేసి కొనేవాడికి ఇవ్వొచ్చు. అన్నీ ఒకే సంపులో కలిపేశాక ఏ మెంబ్రేనూ ఏమీ చెయ్యలేదు.

చిన్న యూనిట్లకు ఇదంతా మొయ్యలేని భారం. రోజుకు పది కిలోలీటర్లు వచ్చేవాడిని సొంతంగా ఎంఈఈ, ఏటీఎఫ్‌డీ పెట్టమంటే పెడతాడు, నడపడు. తుప్పు పట్టిన ఏటీఎఫ్‌డీలకు మీ వాళ్ళు వచ్చేముందు పెయింటు వెయ్యడం నాకు తెలుసు. అలాంటివాళ్ళకు ఉమ్మడి ఎంఈఈలు కట్టి, చార్జి కిలోలీటరు లెక్కన కాక, కిలో ఉప్పు, కిలో సీవోడీ లెక్కన వసూలు చెయ్యండి. అప్పుడు పల్చబరిచి పంపే తెలివి పనికిరాదు.

కరెంటు మీటర్ల విషయం రెండు ముక్కల్లో. ఆర్వో హైప్రెషర్ పంపుకు ఒకటి, ఎంఈఈ, ఏటీఎఫ్‌డీలకు ఒకటి, ఎంఈఈకి వెళ్ళే స్టీమ్‌కు ఇంకొకటి, విడి మీటర్లు పెట్టించండి. ఆర్వో మీటరు తిరిగి ఎంఈఈ మీటరు తిరగని రోజు ఏం జరిగిందో ఆఫీసులో కూర్చునే అడగొచ్చు.

యాంటీబయాటిక్‌ల సంగతి వదలొద్దు. 2020 జనవరిలో కేంద్రం తెచ్చిన ముసాయిదాలో ఫ్యాక్టరీ నీళ్ళలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు ఉన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. కేంద్రం వదిలేసినా రాష్ట్ర మండలి తన కన్సెంట్‌లో (అనుమతి పత్రంలో) కఠినంగా అడగొచ్చు. పర్మియేట్‌లోనూ, ఎంఈఈ కండెన్సేట్‌లోనూ (ఆవిరి చల్లారి వచ్చిన నీళ్ళలోనూ), చివరికి ఆ ఉప్పులోనూ పరీక్ష పెట్టండి.

ఆర్వో వద్దని నేననడం లేదు, నా జీతమే దానిమీద. దాన్ని సరైన చోట వాడితే ఎంత పని చేస్తుందో చెన్నై చూపించింది. 2019లో కొడుంగైయూరు, కోయంబేడుల్లో ఊరి మురుగునీళ్ళను ఆర్వో దాకా శుద్ధి చేసే ప్లాంట్లు, ఒక్కోటి రోజుకు 4.5 కోట్ల లీటర్లవి, మొదలుపెట్టి మణలి, శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీలకు అమ్ముతున్నారు. ఊరి మురుగులో ఉప్పు తక్కువ, అందుకే రిజెక్ట్ కూడా తేలిక. హైదరాబాద్‌లో 2021లో 31 కొత్త ఎస్టీపీలకు (మురుగునీటి శుద్ధి కేంద్రాలకు) 3,866 కోట్లు మంజూరయ్యాయి. ఆ నీళ్ళలో కొంత ఈ బెల్టు కూలింగ్ టవర్లకు ఇస్తే బోర్లకూ మంజీర నీళ్ళకూ ఊపిరి దొరుకుతుంది. ఇది మీ ఒక్కరి చేతిలో లేదు, జలమండలితో మాట్లాడాలి. మాట్లాడండి.

ఇంకొకటి, చిన్నదిగా కనిపిస్తుంది గాని కాదు. సంపుల్లో, ట్యాంకుల్లో దిగి బురద తీసేది కాంట్రాక్టు కుర్రాళ్ళు, ఎక్కువగా ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ళు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే ఒక్క శ్వాసతో పడిపోతారు, కాపాడదామని దిగినవాడూ అక్కడే పోతాడు. తనిఖీకి వచ్చినప్పుడు గ్యాస్ మీటరు ఉందా అని అడగడంతో ఆగకండి. దానిలో బ్యాటరీ ఉందేమో నొక్కి చూడండి.

మొదలుపెట్టడానికి పెద్ద ప్రాజెక్టేమీ అక్కర్లేదు. ఒక పట్టిక చాలు. తేదీ. కొన్న నీళ్ళు, బోరు నీళ్ళు. ఆర్వో ఫీడ్ ఎన్ని కిలోలీటర్లు, దాని టీడీఎస్. పర్మియేట్, రిజెక్ట్, రెండింటి టీడీఎస్. ఆర్వోకు వెళ్ళకుండా నేరుగా ఎంఈఈకి పోయిన గాఢ నీళ్ళు, వాటి టీడీఎస్. ఎంఈఈ ఫీడ్. స్టీమ్. ఏటీఎఫ్‌డీ ఉప్పు, తేమ శాతంతో. షెడ్డులో నిల్వ. దుండిగల్ వేబ్రిడ్జి బరువు, మ్యానిఫెస్ట్ నంబరు. చివరి గడిలో తేడా శాతం. ఇది తెలుగులో, ప్రతి నెల 5వ తేదీకల్లా, ముందు రోజుకు 100 కిలోలీటర్లు దాటిన యూనిట్లతో మొదలుపెట్టి మీ పోర్టల్‌లో పెట్టండి. తేడా 20 శాతం దాటిన యూనిట్‌కు మొదట నోటీసు, వరుసగా మూడో నెలా దాటితే తనిఖీ, అదీ వాన పడుతున్న రాత్రి. ఈ గడులన్నీ నింపే అంకెలు మా లాగ్‌బుక్కుల్లో ఇప్పుడే ఉన్నాయి. అడిగితే రేపటి నుంచే పంపగలం.

ఇట్లు,
ఒక ఈటీపీ కెమిస్టు,
పాశమైలారం పారిశ్రామికవాడ, సంగారెడ్డి జిల్లా.